క్వారీ విస్తరణకు ముందు పై మట్టి తొలగింపు: పురావస్తు పర్యవేక్షణ అంటే అసలు ఏం జరగాలి?

రాతిబెంచ్
అందరికీ నమస్కారం. నేను క్వారీ ప్లానింగ్‌లో పనిచేస్తాను. మా క్వారీని పక్క పొలాల వైపు విస్తరించడానికి అనుమతి వచ్చింది. అందులో ఒక షరతు పెట్టారు: పై మట్టి తీసేటప్పుడు పురావస్తు నిపుణుడు దగ్గరుండి చూడాలి. ఆ స్థలంలో ఇదివరకే ట్రయల్ ట్రెంచ్‌లు, అంటే పరీక్ష కోసం అక్కడక్కడా పొడవాటి కాలువలు, తీశారు. ఒకటి రెండు పాత కందకాల జాడలు, కొన్ని కుండ పెంకులు తప్ప చెప్పుకోదగ్గవేవీ లేవని రిపోర్ట్ ఇచ్చారు. మరి మళ్లీ ఇదెందుకని మా ఆఫీసులో అడుగుతున్నారు. నేను దీనికి వ్యతిరేకిని కాను. చేయిస్తే సరిగ్గా చేయించాలనే ఇక్కడ అడుగుతున్నాను. మెషీన్ పక్కన ఒక మనిషి నిలబడితే సరిపోతుందా? మధ్యలో ఏదైనా బయటపడితే పని మొత్తం ఆగిపోతుందా? మా వాళ్ల టెన్షన్ అంతా ఈ రెండో దాని గురించే.

పొరలలెక్క
రాతిబెంచ్ గారూ, ముందే అడిగారు, సంతోషం. చాలామంది మట్టి తీయడం అయిపోయాక అడుగుతారు.

ట్రెంచ్‌ల సంగతి ముందు. ట్రయల్ ట్రెంచ్‌లతో మామూలుగా చూసేది మొత్తం విస్తీర్ణంలో రెండు నుంచి ఐదు శాతం. ఐదు శాతమే అనుకున్నా, మిగతా తొంభై ఐదు శాతం నేల ఎవరి కంటా పడలేదు. పొడుగ్గా సాగే కందకాలు, పాత పొలం గట్లు ఎక్కడో ఒకచోట ట్రెంచ్‌కు అడ్డం వస్తాయి కాబట్టి దొరుకుతాయి. అదే ఒంటరి సమాధి, అస్థికల కుండ పెట్టి పూడ్చిన చిన్న గుంట, నాలుగు గుంజల గుంతలు మాత్రమే మిగిలిన పాక అయితే రెండు ట్రెంచ్‌ల మధ్యలో హాయిగా ఇమిడిపోతాయి. మీ రిపోర్ట్‌లో కందకాలు ఉన్నాయన్నారు. కందకం తవ్వుకున్నవాళ్లు ఆ దగ్గర్లోనే ఎక్కడో బతికి ఉంటారు కదా. నేనైతే ఆ రిపోర్ట్‌ను ‘ఏమీ లేదు’ అని చదవను, ‘ఇల్లు ఇంకా దొరకలేదు’ అని చదువుతాను.

ఇక మనిషి నిలబడితే చాలా అన్నది. ఇందులో రెండు పద్ధతులున్నాయి, మీ షరతు ఏ పద్ధతిని కోరుతోందో చూసుకోండి. మొదటిదానిలో కాంట్రాక్టర్ తన పద్ధతిలో, తన వేగంతో మట్టి తీస్తాడు, నిపుణుడు చూస్తూ ఉంటాడు. బ్రిటన్‌లో దీన్ని చాలాకాలం వాచింగ్ బ్రీఫ్ అన్నారు. రెండోది స్ట్రిప్, మ్యాప్ అండ్ శాంపిల్. ఇందులో మట్టి తీసే పనే నిపుణుడి ఆధ్వర్యంలో జరుగుతుంది. ఏ మెషీన్, ఏ బకెట్, ఎంత లోతు, ఏ వైపు నుంచి మొదలు అన్నీ ఆయనే చెబుతాడు. నేల శుభ్రంగా బయటపడ్డాక కనిపించిన ప్రతి గుర్తునూ ప్లాన్‌లోకి ఎక్కించి, వాటిలో కొన్నిటిని తవ్వుతారు. క్వారీలకు రెండోదే సరైనదని నా గట్టి అభిప్రాయం. ఇల్లు కడితే పునాదుల మధ్య కాస్త నేలైనా మిగులుతుంది, క్వారీలో అదీ మిగలదు.

బకెట్‌సీటు
నేను పొక్లెయిన్ ఆపరేటర్‌ని. ఇలాంటి సైట్లలో పనిచేశాను కాబట్టి సీట్లోంచి కనిపించేది చెబుతాను.

ముందు బకెట్ మార్చాలి. పళ్ల బకెట్‌తో తీస్తే నేల మీద గాట్లు పడతాయి, ఆ గాట్లలో ఏ రంగూ తెలియదు. పళ్లు లేని వెడల్పు బకెట్ పెట్టి, అంచును నేలకు దాదాపు సమంగా పట్టుకుని, నా వైపుకు లాక్కోవాలి. ఒక్కో విడతకు పది సెంటీమీటర్లకు మించనివ్వను. మెషీన్ ఎప్పుడూ ఇంకా తీయని మట్టి మీదే నిలబడి వెనక్కి జరగాలి. తీసిన నేల మీదికి చైన్ ఎక్కకూడదు, టిప్పర్ అసలే రాకూడదు. టిప్పర్ పక్కన నిలబడితే దాంట్లోకి మట్టి తిప్పి పోస్తాను. అలా చేస్తే నా ముందు నేల నున్నగా, కోసినట్టు వస్తుంది. పసుపు నేలలో గుండ్రంగా ఒక నల్లటి మచ్చ కనిపించిందంటే ఆగిపోతాను. కొన్నిసార్లు రంగు కన్నా ముందు చేతికి తెలుస్తుంది. బకెట్ గట్టి నేల మీద ఒకలా లాగుతుంది, పూడిన గుంట మీదికి రాగానే లివర్ తేలికవుతుంది.

కింద నిలబడ్డ మనిషితో సైగలు ముందే మాట్లాడుకోవాలి. చెయ్యి పైకెత్తితే బకెట్ అక్కడే ఆగాలి. ఆయన బకెట్ తిరిగే పరిధిలోకి రావాలంటే ముందు నేను బకెట్ నేలకు దించి, లివర్లు వదిలెయ్యాలి. దీని మీద రాజీ లేదు.

రాతిబెంచ్
బకెట్‌సీటు గారూ, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా కాంట్రాక్టర్ మాత్రం డోజర్‌తో నెట్టేద్దాం, త్వరగా అయిపోతుందంటున్నాడు. వెనకాల నిపుణుడు నడుస్తూ చూసుకుంటాడట.

పొరలలెక్క
దానికి ఒప్పుకోకండి. డోజర్ బ్లేడ్ మట్టిని ముందుకు నెడుతుంది, నేలను మెత్తేస్తుంది. ఆ వెంటనే చైన్లు అదే నేలను తొక్కుకుంటూ పోతాయి. నిపుణుడు చూడాల్సిన నేల ఒక్క క్షణం కూడా శుభ్రంగా కనిపించదు. బ్లేడ్ ముందు దొర్లే మట్టిలో పెంకు కనిపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. ఎక్కడ, ఏ పొరలో అన్నది పోయాక ఆ పెంకు చెప్పగలిగేది చాలా తక్కువ. మట్టిని గీకి మోసుకుపోయే స్క్రేపర్లదీ ఇదే సంగతి.

పెట్టిన కుప్పను అక్కడి నుంచి తరలించడానికి డోజర్ వాడుకోండి, అభ్యంతరం లేదు. నేలను తెరిచే పని మాత్రం వెనక్కి లాగే మెషీన్‌దే.

శిలాపటం
నేను భూగర్భ శాస్త్రం వైపు మనిషిని. ఒక విషయంలో పొరలలెక్క గారితో విభేదిస్తాను. గట్టి రాయి మీద జానెడు మట్టి ఉన్న చోట, తరతరాలుగా నాగలి తిరిగిన నేలలో ఇంత హడావిడి అవసరమా? అక్కడ చాలావరకు ఏదీ మిగలదు. అసలు ప్రమాదం దట్టమైన పొరలున్న చోట ఉంది, అక్కడేమో అందరూ పై మట్టి తీసేసి, సంతకం పెట్టేసి వెళ్లిపోతారు.

మావర్ సంగతి చూడండి. జర్మనీలో హైడెల్‌బర్గ్ దగ్గర ఇసుక క్వారీ అది. 1907 అక్టోబర్ 21న డానియల్ హార్ట్‌మన్ అనే కార్మికుడికి అక్కడ ఒక దవడ ఎముక దొరికింది. మరుసటి ఏడాది ఒట్టో షోటెన్‌జాక్ అనే శాస్త్రవేత్త దాన్ని బట్టి ఒక పాతకాలపు మానవజాతికి హోమో హైడెల్‌బర్గెన్సిస్ అని పేరు పెట్టాడు. అది సుమారు ఆరు లక్షల ఏళ్ల నాటిదని తర్వాత తేలింది. దొరికింది పై మట్టిలో కాదు, ఇరవై మీటర్లకు పైగా లోతులో. ఇంగ్లండ్‌లోని బాక్స్‌గ్రోవ్ కూడా క్వారీయే. సుమారు ఐదు లక్షల ఏళ్ల నాటి నేల, రాతి గొడ్డళ్లు చెక్కినప్పుడు రాలిన పెచ్చులు పడ్డవి పడ్డట్టే అక్కడ బయటపడ్డాయి. 1993లో మనిషి కాలి ఎముక దొరికింది. ఈ రెండు చోట్లా పై మట్టి తీసిన రోజు మాత్రమే చూసి వెళ్లిపోయి ఉంటే ఏం తెలిసేది?

అందుకే రాతిబెంచ్ గారూ, మీ క్వారీలో రాయి మీద ఏముందో బోర్‌హోల్ లాగ్‌లు (బోర్లు వేసినప్పుడు ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసిన రికార్డులు) తీసి చూడండి. పాత నది గులక, ఒండ్రు, గాలికి పేరుకున్న మట్టి ఉంటే పర్యవేక్షణను పై మట్టితో ఆపకూడదు.

పొరలలెక్క
లోతు గురించి శిలాపటం గారు చెప్పింది అక్షరాలా నిజం. పలచటి మట్టి గురించి మాత్రం ఒప్పుకోను. రాయి ఎప్పుడూ చదునుగా ఉండదు. చీలికలుంటాయి, పల్లాలుంటాయి. చుట్టుపక్కల నాగలికి చెదిరిపోయినవి వాటిలో చిక్కుకుని మిగులుతాయి. రాతిలోకి తొలిచిన గుంతలు, సమాధి గదులు నాగలికి అందవు. పలచటి మట్టి ఉంటే పని తొందరగా తేలుతుంది, అంతే. చూడకుండా వదిలేయడానికి అది కారణం కాదు.

ఒండ్రు కింద దాగినవాటికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మస్ట్ ఫార్మ్. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జిషైర్‌లోని విట్‌ల్‌సీ దగ్గర, ఇటుకల కోసం బంకమట్టి తవ్వే క్వారీ. 1999లో ఆ గుంత అంచున కొన్ని కొయ్యలు పొడుచుకొచ్చి కనిపించాయి. 2015–16లో పూర్తిగా తవ్వితే, దాదాపు క్రీస్తుపూర్వం 850 నాటి ఊరు బయటపడింది. నీళ్ల మీద గుంజలెత్తి కట్టిన ఇళ్లు. కట్టిన ఏడాది లోపే తగలబడి, వస్తువులతో సహా కింది బురదలో కూలిపోయాయి. గాలి తగలని బురద కావడంతో బట్ట, నూలు, కొయ్య గిన్నెలు, కుండలో మిగిలిన తిండి కూడా చెడలేదు. దాని మీద మీటర్ల కొద్దీ ఒండ్రు. మామూలు లోతు ట్రెంచ్‌లు దాన్ని తాకేవి కావు. అంచున కొయ్యను చూసి గుర్తుపట్టిన కన్ను లేకపోతే అది కూడా ఇటుకల్లో కలిసిపోయేది.

కొత్తగా_చేరా
నేను స్టూడెంట్‌ని, ఒక సందేహం. మట్టి ఒకసారి తీసి కుప్ప పోశాక అందులో వెతకడం వల్ల ఉపయోగం ఉంటుందా? స్థానం పోయాక విలువ తక్కువన్నారు కదా.

పొరలలెక్క
మంచి ప్రశ్న. తగ్గుతుంది కానీ సున్నా అవదు. కుప్పల మీద మెటల్ డిటెక్టర్ తిప్పడం, కంటితో గాలించడం ఇప్పుడు మామూలే. అయితే ఏ కుప్ప ఏ భాగంలోంచి వచ్చిందో రాసి ఉంచితేనే.

నియాండర్ లోయలో జరిగింది చెబుతాను. 1856లో జర్మనీలో ఫెల్డ్‌హోఫర్ అనే చిన్న గుహలో సున్నపురాయి తీయడానికి ముందు కార్మికులు అడ్డంగా ఉన్న బంకమట్టిని తవ్వి కింద లోయలోకి విసిరేశారు. అందులో కనిపించిన పెద్ద ఎముకలను ఎలుగుబంటివి అనుకున్నారు. యోహాన్ కార్ల్ ఫూల్‌రోట్ అనే టీచర్ చూసి మనిషివని గుర్తుపట్టాడు. మొదటి నియాండర్తల్ మానవుడిగా లోకానికి తెలిసింది అవే. తర్వాత క్వారీ పని ఆ గుహనే మింగేసింది, గుహ ఎక్కడుండేదో కూడా మరిచిపోయారు. 1997లో రాల్ఫ్ ష్మిట్స్, యూర్గెన్ టిస్సెన్ పాత రికార్డులు పట్టుకుని ఆ విసిరేసిన మట్టి ఉన్న చోటును కనిపెట్టారు. అక్కడా, తిరిగి 2000లోనూ తవ్వితే రాతి పనిముట్లు, మరిన్ని ఎముక ముక్కలు దొరికాయి. వాటిలో ఒక ముక్క 1856లో దొరికిన తొడ ఎముకకు సరిగ్గా అతుక్కుంది.

అది నిజంగా పై మట్టి తొలగింపే చూడండి. పక్కన చూసేవాళ్లు ఒక్కరుంటే ఆ ఎముకలు ఏ పొరలో, ఏ భంగిమలో, వేటి పక్కన ఉన్నాయో మనకు తెలిసి ఉండేది. కుప్పలో వెతికి ఎముకను తెచ్చుకోగలిగాం, ఆ వివరాన్ని తెచ్చుకోలేకపోయాం.

గుట్టకాపు
అందరూ ఎలా చూడాలో చెబుతున్నారు. చూశాక ఆపే అధికారం ఎవరికుంది? నాకు అదే ముఖ్యం.

జూకన్ గోర్జ్ మర్చిపోకూడదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా ప్రాంతంలో ఇనుప ఖనిజం గని విస్తరణ కోసం 2020 మే 24న రియో టింటో అక్కడి రాతి గుహలను పేల్చేసింది. మనుషులు సుమారు 46,000 ఏళ్ల కిందటి నుంచి వాడిన చోటు. అనుమతి 2013లోనే వచ్చింది, చట్టప్రకారమే. 2014లో, అనుమతి చేతిలో పడ్డాక జరిపిన తవ్వకంలో వేల వస్తువులు దొరికాయి. నాలుగు వేల ఏళ్ల నాటి జుట్టు అల్లిక దొరికింది. దాని డీఎన్‌ఏ ఆ నేల సొంతదారులైన పూటు కుంటి కుర్రామ, పినికురా ప్రజల పూర్వీకులతో కలిసింది. అంత తెలిశాక కూడా, కొత్త సమాచారం వచ్చింది కాబట్టి పాత అనుమతిని మళ్లీ చూడండి అని అడిగే దారి అప్పటి చట్టంలో లేదు. పరిశోధన బాగానే జరిగింది, రికార్డు ఉంది. గుహలు లేవు.

కాబట్టి నేననేది, ‘పర్యవేక్షణ’ అని కాగితం మీద రాసుకుని మనసుకు సర్దిచెప్పుకోవద్దు. పర్యవేక్షణలో ఏం దొరికితే క్వారీ హద్దు వెనక్కి జరుగుతుందో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. ఆ మాట లేని షరతు పోయేదానికి ఫొటో తీసుకోవడానికే.

రాతిబెంచ్
గుట్టకాపు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఒక కంపెనీ ఉద్యోగిగా అడుగుతున్నాను. హద్దు ఎప్పుడైనా వెనక్కి జరగొచ్చంటే ఎవరూ పెట్టుబడి పెట్టరు. మాకు కావాల్సింది ముందే తెలియడం.

శిలాపటం
ముందే తెలియాలంటే ముందే చూడాలి. అనుమతి అడగక ముందే జియోఫిజికల్ సర్వే (తవ్వకుండా పరికరాలతో నేల లోపలి తేడాలు పట్టడం), లోతు ట్రెంచ్‌లు చేయిస్తే విలువైన భాగం చాలావరకు అప్పుడే తెలుస్తుంది, ప్లాన్‌లోనే దాన్ని వదిలేయొచ్చు. మట్టి తీసేటప్పుడు జరిగే పర్యవేక్షణ చివరి జల్లెడ. మొదటి జల్లెడ పని దాని నెత్తిన పెడితేనే ఈ గొడవలు.

అన్ని చోట్లా కథ ఒకేలా ఉండదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లోని జ్వాలాపురం చూడండి. అక్కడి జుర్రేరు లోయలో బూడిద క్వారీల గోడల్లోనే ఒక పాత బూడిద పొర బయటపడింది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చి పడిన బూడిద అది. దాని కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఆ పరిశోధన వెలువడ్డాక ప్రపంచమంతా చర్చించింది. క్వారీ గోడ లేకపోతే ఆ పొరలు అంత తేలిగ్గా కనిపించేవి కావు, క్వారీ కొనసాగితే ఆ పొరలే ఉండవు. నేను రెండు వైపులా ఉన్నాను.

పొరలలెక్క
గుట్టకాపు గారి మాటతో నేను ఏకీభవిస్తాను. శిలాపటం గారు చెప్పిన క్రమం కూడా అవసరమే. రెంటినీ కలిపి రాతిబెంచ్ గారికి పనికొచ్చేలా చెబుతాను.

పని మొదలవక ముందే ఒక రాతపూర్వక ప్రణాళిక ఉండాలి, దాన్ని అనుమతి ఇచ్చిన అధికారులు ఆమోదించాలి. అందులో ఆపే అధికారం సైట్‌లో ఉన్న నిపుణుడికే ఉందని ఒక్క వాక్యం స్పష్టంగా ఉండాలి. ‘మేనేజర్‌కు తెలియజేసి’ అని రాస్తే ఫోన్ ఎత్తేలోపు బకెట్ ఇంకో నాలుగు విడతలు లాగేస్తుంది. ఆపడమంటే క్వారీ అంతా ఆగడం కాదు. గుర్తు కనిపించిన చోట చుట్టూ తాడు కట్టి మెషీన్‌ను ఇంకో భాగానికి పంపిస్తారు. అందుకని విస్తరణ స్థలాన్ని భాగాలుగా విడదీసి, రాయి తీసే తేదీకి చాలా ముందే మట్టి తీయడం మొదలుపెట్టండి. మీ టెన్షన్‌కు అసలు మందు ఇదే. మట్టి తీసిన మర్నాడే బ్లాస్టింగ్ పెట్టుకున్నవాళ్లకే ప్రతి గుంటా గండంలా కనిపిస్తుంది.

కనిపించినదాన్ని ఏ మేరకు తవ్వాలో కూడా అందులోనే రాసుకోండి. మామూలు గుంటలను సగానికి కోసి లోపలి పొరలు గీస్తారు. పొడవైన కందకాలలో పదో వంతు వరకు తవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. సమాధులైతే పూర్తిగా. మనిషి ఎముకలు కనిపిస్తే ఆ చోట పని తక్షణం ఆపి, కప్పి ఉంచి, ఆ దేశపు చట్టం చెప్పిన అధికారికి తెలియజేయాలి. చట్టాలు దేశానికో రకం, అది ముందే కనుక్కోండి. బొగ్గు, బూడిద ఉన్న గుంటల్లోంచి మట్టి నమూనాలు తీయాలి, సాధారణంగా ఒక్కోటి 40 లీటర్లు. నీళ్లలో కడిగితే మాడిన గింజలు పైకి తేలతాయి. ఒక్క గింజ చాలు, వాళ్లు ఏం పండించుకున్నారో తెలుస్తుంది, రేడియోకార్బన్‌తో కాలమూ తెలుస్తుంది.

ఖర్చు ఎవరిదని మీ వాళ్లు తప్పక అడుగుతారు. యూరప్ దేశాలు 1992లో వాలెట్టాలో కుదుర్చుకున్న ఒప్పందం ఆ ఖర్చు నిర్మాణ పని బడ్జెట్‌లోనే ఉండాలంటుంది. నేను దాన్ని న్యాయమనే అనుకుంటాను. నేలను మార్చేవాళ్లే దాని లెక్కా అప్పజెప్పాలి.

కొత్తగా_చేరా
ఒకవేళ నిజంగానే ఏమీ దొరక్కపోతే రిపోర్ట్ ఎందుకు?

పొరలలెక్క
అదీ ఫలితమే, సరిగ్గా రాస్తే. ‘ఏమీ లభించలేదు’ అన్న ఒక్క లైన్ రిపోర్ట్‌లు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. ఏ భాగాలు చూశారు, ఏ మెషీన్, ఏ బకెట్, ఏ లోతు వరకు, అడుగు నేల దాకా వెళ్లారా లేక మధ్యలో ఆగారా, ఆ రోజు వెలుతురు ఎలా ఉంది, నేల తడిగా ఉందా ఎండి పాలిపోయిందా ఇవన్నీ రాయాలి. అప్పుడే రేపు పక్క స్థలంలో పనిచేసేవాళ్లు ఆ ‘లేదు’ను నమ్మగలరు. చూడలేకపోయిన భాగం ఉంటే అదీ దాచకుండా రాయాలి.

రాతిబెంచ్
ఇంతవరకు నేను రాసుకున్నవి: పళ్లు లేని బకెట్, నిపుణుడి ఆధ్వర్యం, ఆపే అధికారం, భాగాలుగా ముందస్తు తొలగింపు, లోతు పొరల కోసం బోర్‌హోల్ లాగ్‌ల పరిశీలన, తర్వాత బెంచ్‌లు (రాయి తీసే మెట్లు) దిగేటప్పుడు అప్పుడప్పుడూ గోడల తనిఖీ. వచ్చే మీటింగ్‌లో పెడతాను. పై మట్టి కుప్పల గురించి ఎవరైనా చెప్పగలరా? పునరుద్ధరణ కోసం ఆ మట్టిని హద్దు వెంబడి కట్టలుగా పోసి ఉంచాలి మేం.

బకెట్‌సీటు
ఆ కట్టలు ఎక్కడ పోస్తారో ముందు చూసుకోండి. తీసిన నేల మీద జాగ్రత్తలు పడి, కట్టను మాత్రం ఇంకా చూడని నేల మీద పోస్తే బరువుకు కింద ఉన్నవి నలుగుతాయి, మెషీన్లు అక్కడే తిరుగుతాయి. పై మట్టి, అడుగు మట్టి వేర్వేరు కట్టలుగా పోయాలి, కలిపేస్తే తర్వాత పొలానికీ పనికిరాదు. లారీల దారి కూడా అంతే, దారి వేసే చోటు మొదట చూపించాలి.

ఇంకొకటి. పని మొదలయ్యే రోజు పొద్దున ఆపరేటర్లందరినీ కూర్చోబెట్టి, ట్రెంచ్‌లలో దొరికిన ఆ పెంకులను చేతికివ్వండి. ఈ నేలలో పెంకు ఏ రంగులో ఉంటుందో, కాలిన మట్టి ఎలా ఉంటుందో చూపించండి. ఫొటో చాలదు, పట్టుకుని చూడాలి. చూపించినవాడు ఆపుతాడు, చూపించనివాడికి అదంతా మట్టే.

శిలాపటం
బకెట్‌సీటు గారి మాటకు రుజువు మావర్‌లోనే ఉంది. ఆ దవడ దొరకక ముందు షోటెన్‌జాక్ దాదాపు ఇరవై ఏళ్లు ఆ ఇసుక క్వారీ చుట్టూ తిరిగాడు, ఎముక కనిపిస్తే పక్కన పెట్టమని అక్కడివాళ్లకు చెబుతూనే ఉన్నాడు. హార్ట్‌మన్ దాన్ని పారేయకపోవడానికి కారణం అదే.

రాతిబెంచ్
కట్టల స్థలాన్నీ, లారీల దారినీ మొదటి భాగంలోనే చేరుస్తాను. వానల్లో మట్టి తీయొచ్చా అన్నది ఒక్కటే మిగిలింది.

పొరలలెక్క
చినుకు పడి ఆగాక రంగులు చక్కగా తేలతాయి, అది మంచి సమయమే. ఎడతెగని వానలో మాత్రం వద్దు. నేల బురదై మెషీన్ దిగబడుతుంది, గుర్తులు చెదిరిపోతాయి, నీళ్లు నిలిచిన చోట ఏదీ కనిపించదు. బాగా ఎండిన నేల అయితే తీసిన వెంటనే ‘ఏమీ లేదు’ అని తేల్చకుండా కొన్నాళ్లు వదిలి, ఒక వాన పడ్డాక మళ్లీ నడిచి చూడమనండి. మొదటి రోజు కనపడని గుంజల గుంతలు చాలాసార్లు అప్పుడే బయటపడతాయి. షెడ్యూల్‌లో ఆ రెండో నడకకు కూడా చోటు పెట్టండి.